కనపడ్తన్నానా సార్?

నాగభూషణరావు తన చేలో ముక్క మింగాడని మాలకొండయ్య చెప్పని మనిషి ఆ దొంక దారి మీద లేడు. పాల వ్యాను అతనికి చెప్పాడు. గొర్రెలు తోలుకుపోయేవాళ్లను ఆపి చెప్పాడు. కంభం పోయే ఆటో కోసం రోడ్డు మీద నిలబడినవాళ్లకు, వాళ్లు అడగకపోయినా చెప్పాడు. చెప్పి చెప్పి గొంతు ఆరిపోయాక నిచ్చెన భుజాన వేసుకుని ఆ నాగభూషణరావు తోటకే పనికి పోయాడు.

"తిట్టేదీ ఆయన్నే, పోయేదీ ఆయన కాడికే. నాకైతే అర్థం కాదన్నా," అన్నాడు తోట కాపలాదారు దావీదు, గేటు తీస్తూ.

"కోపం నాది. కెమెరా ఆయనది. రెండూ ఎట్ల కలుపుతావు?"

అన్నాడే గాని, ఆ మాట మాలకొండయ్యకే సరిగ్గా అర్థం కాలేదు.

తోట అర్ధవీడు పక్క, కొండ వాలులో ఉంది. అంతా బత్తాయి. బోరు మోటార్ల కేబుళ్లు కోసుకుపోయి లోపలి రాగి అమ్ముకునే దొంగలు ఎక్కువయ్యాక రావు తోట చుట్టూ కెమెరాలు పెట్టించాడు. ఆయన కాపురం మార్కాపురంలో, వ్యాపారం పలకలది. తోట మాత్రం జేబులోని ఫోనులో ఉంటుంది. ఆ ఫోనులో తోట మసకబారకుండా చూడడమే మాలకొండయ్య పని. ఇట్లాంటి తోటలు వెలిగండ్ల దాకా ఇంకా కొన్ని ఉన్నాయి అతని చేతికింద.

కెమెరాకు దొంగకంటే సాలెపురుగు పెద్ద శత్రువు. చీకటి పడగానే అద్దం చుట్టూ ఎర్రటి చుక్కలు వెలుగుతాయి. వాటికి దోమలు వస్తాయి, దోమల కోసం సాలెపురుగు వస్తుంది, తెల్లారేసరికి లక్ష పెట్టి కొన్న మోటారు కనపడదు, తెల్లటి దారం కనపడుతుంది. ఆ తర్వాత చీమలు. వైరు వెంట పైకెక్కి పెట్టెలో గూడు పెడతాయి. మాలకొండయ్య నిచ్చెనెక్కి రంగుల కుంచెతో బూజు దులిపాడు. పెట్టె మూత తీసి నోటితో ఊది, వైర్లు దూరే కంతకు ఎంసీల్ ముద్ద అదిమాడు. సోలారు ప్యానెల్ మీద నీళ్లు పోసి మట్టి కడిగాడు. ఆఖరున నడుముకు చెక్కుకున్న పాత పంచె ముక్కతో అద్దం తుడిచి, దానికి ఎదురుగా మొహం పెట్టి ఫోను చేశాడు.

"సార్, కనపడ్తన్నానా?"

పని అయిందనేదానికి అతనికి వేరే లెక్క లేదు. అవతల మార్కాపురంలో రావు ఫోను తెరిచి చూసి, "కనపడ్తన్నావు" అనాలి. ఆ మాట వినపడితేనే నిచ్చెన దిగుతాడు.

"కనపడ్తన్నావు," అన్నాడు రావు.

"నా భూమి సంగతి ఏం చేసినారు సార్?"

ఫోను ఆగిపోయింది. రావు కట్ చేశాడా, టవరు పోయిందా తెలియలేదు. అక్కడ టవరు పోవడం మామూలే. మాలకొండయ్య ఫోనును పైకెత్తి అటూ ఇటూ తిప్పి, ఒక గీత వచ్చాక మళ్లీ చేద్దామా అనుకుని, చేయకుండా దిగాడు.

భూముల రీసర్వే అయ్యాక ఊరి సచివాలయంలో కొత్త పాసుపుస్తకం ఇచ్చారు. పాత పుస్తకంలో ఎకరా అరవై సెంట్లు. కొత్తదానిలో ఎకరా ముప్పై మూడు. అచ్చు తప్పేమో అనుకున్నాడు మొదట. ఆ తర్వాత రావు పుస్తకంలో ఆ మేర పెరిగిందని దావీదే నోరుజారాడు.

*

సాయంత్రం టేపు పట్టుకుని చేలోకి పోయాడు. భార్య గోవిందమ్మ ఒక కొస పట్టుకుంది.

రావు తోటకూ వీళ్ల చేనుకూ మధ్య గట్టు మీద వరసగా టేకు చెట్లు. అవి రావువి. ఆ నీడకు సోలారు ప్యానెళ్లకు ఎండ తగలదని మూడు కెమెరా స్తంభాలు గట్టు దాటి, మాలకొండయ్య చేలోకి పదిగజాలు ఇవతలకు పాతారు. పాతిందీ మాలకొండయ్యే. "నీ మోటారు గూడా కంట్లో ఉంటాది గదయ్యా" అన్నాడు రావు అప్పుడు. ఆ మాట బాగానే తోచింది. టేకు నీడలో కంది ఎదగదు గనుక చెట్లకూ స్తంభాలకూ మధ్య ఆ పదిగజాలు ఎప్పుడూ బీడే. గోవిందమ్మ తన రెండు గేదెలకు గడ్డి కోసేది అక్కడే. ఎండాకాలంలో పచ్చగా ఉండే చోటు కూడా అదొక్కటే.

గట్టు వెంబడి కంప మనిషెత్తు పెరిగింది. మాలకొండయ్య మచ్చుకత్తితో కంప నరుక్కుంటూ పోయాడు. చేతులకు ముళ్లు గీరుకుపోయాయి. మొదటి హద్దు రాయి దొరికింది. నాయన కాలం నాటిది, నెత్తిన బాణం గుర్తు చెక్కి ఉంది. కాలితో తన్ని చూశాడు, కదల్లేదు. ఇంకాస్త పోతే రెండోది. ఆ కొసన మూడోది, చుట్టూ పుట్ట పెరిగి సగం పూడింది.

అతను అక్కడే కూలబడ్డాడు.

"ఏమైంది?" అంది గోవిందమ్మ.

"రాళ్లు ఉన్నాయి."

"ఉంటే మంచిదే గదా! ఏడుస్తావెందుకు?"

"ఎవురు ఏడుస్తన్నారు? కంప గుచ్చుకునింది." చేతి మీది ముల్లు పీక్కున్నాడు. "రాళ్లు పీకి ఇవతల నాటుకున్నాడనుకున్నానే. పీకలా. రాయి యాడుండాల్నో ఆడే ఉంది. చేను యాడుండాల్నో ఆడే ఉంది. మల్ల పోయిందేంది?"

గోవిందమ్మ టేపు కొస వదిలేసింది. అది గడ్డిలో పాములాగా జరజరా వెనక్కి పోయింది.

"నన్నడిగితే ఏం చెప్తా? పోయి ఆయన్నే అడుగు. మొగోడి మాదిరి అడుగు. నిచ్చెన పట్టుకుని పోమాక."

*

మార్కాపురంలో రావు దుకాణం ముందు పలకల కట్టలు లారీకి ఎక్కుతున్నాయి. ఇప్పుడు బడిపిల్లల పలకలు కావు, ఇళ్ల గోడలకు అతికించే రాతి పలకలు. మాలకొండయ్య దారి పొడుగునా బస్సులో మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. దుకాణంలో అడుగు పెట్టగానే రావు, "రా మాలకొండయ్యా, ఎండన పడి వచ్చినావు. ముందు మంచినీళ్లు తాగు," అన్నాడు. కూర్చుకున్న మాటల్లో మొదటిది అక్కడే జారిపోయింది.

నీళ్లు తాగాక టీ వచ్చింది. టీ తాగుతూ గట్టిగా మాట్లాడడం ఎట్లాగో అతనికి తెలియలేదు.

"నా చేను మీ పుస్తకంలోకి వచ్చిందంట సార్."

"నేనేమన్నా వచ్చి గీత గీసుకున్నానా చెప్పు. గవర్నమెంటోళ్లు ఆకాశంలో నుంచి ఫోటో తీసినారు, మిషన్లు పెట్టి కొలిచినారు. నాకెంత వచ్చిందో, ఎంత పోయిందో నేను సరిగ్గా చూసుకోనుగూడా లేదు."

"కొలిచినపొద్దు నన్ను ఊళ్లో లేకుండా వెలిగండ్లకు పంపినారు గదా!"

రావు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మా బావమరిది తోటలో కేబుల్ కోసుకుపోయినారు. కెమెరా పని చేయడం లేదని ఆయన నెత్తి కొట్టుకుంటావుంటే నిన్ను పంపినా. పంపొద్దా? నువ్వే గదా, 'ఇప్పుడే పోతా సార్' అని బండెక్కింది?"

అవును, అతనే బండెక్కాడు. ఆ కేబుల్ పోయిన మాట కూడా నిజమే. కోసిన కొసలు తన చేత్తో పట్టుకుని చూశాడు.

"బేస్తవారం సర్వేయరమ్మ సచివాలయంలో ఉంటాదంట. నేనూ వస్తా. ఆమె ముందర తేల్చుకుందాం. సరేనా?" అన్నాడు రావు. తర్వాత తనే లేచి అతన్ని మెట్ల దాకా సాగనంపాడు.

బస్సులో తిరిగి వస్తూ మాలకొండయ్య ఆ మర్యాద గురించే ఆలోచించాడు. దొంగ ఇంత మర్యాదగా ఉండడు. ఉండడా? ఉంటాడేమో. తిట్టి ఉంటే బాగుండేది, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

*

సర్వేయరు సీతారత్నం చిన్న వయసు పిల్ల. ముఖాన చెమట తుడుచుకుంటూ లాప్‌టాప్ తెరిచింది. ఒక పక్క కుర్చీలో రావు, గోడకు ఆనుకుని దావీదు. మాలకొండయ్య కూర్చోలేదు.

"బాబాయ్, ఇట్ల రండి. ఇది మీ పొలం, డ్రోను ఫోటో."

అతను వంగి చూశాడు. తన చేనును పైనుంచి ఎప్పుడూ చూడలేదు. నచ్చలేదు. ఎవరో పరిచి ఎండబెట్టిన గోనెసంచి మాదిరి ఉంది. ఒక పక్క నల్లగా టేకు వరస. దానికి ఇవతల ఒకే గీత మీద మూడు తెల్ల చుక్కలు.

"గట్ల మీద, రాళ్ల కాడ సున్నం గుర్తు పెట్టుకోండి, డ్రోనుకు కనపడాల అని దండోరా వేయించినాం గదా. మీ గట్టు మీద చూస్తే కంప, టేకు ఆకు తప్ప ఏం కనపడ్లా. సున్నం ఈ మూడు చోట్లే ఉంది. తర్వాత నేనే చేలోకి వచ్చి చూస్తే ఈడ వరసగా స్తంభాలు ఉన్నాయి. ఎవరివి అని అడిగినా."

"నన్నే అడిగినారు," అన్నాడు దావీదు. "సార్‌వి అని చెప్పినా. సార్‌వే గదా? నీవి అని చెప్పాల్నా ఏంది?"

మాలకొండయ్యకు దావీదు మాట వినపడలేదు. కళ్లు ఆ మూడు చుక్కల మీదే ఉన్నాయి. దండోరా సంగతి గుర్తుంది. నాయన పాతిన రాళ్లు ఉండగా మళ్లీ సున్నమెందుకని అతను పెట్టలేదు. ఊళ్లో చాలామంది పెట్టలేదు. మరి తన చేను నడుమ సున్నం ఎవరు పెట్టారు?

"చూడు తల్లీ! చూడు!" గొంతు ఒక్కసారిగా లేచింది. "నేను పెట్టలా. నా చేలో పదిగజాలు లోపలికి వచ్చి సున్నం కొట్టిపోయినారు. ఇదా పని! ఇంక దాచేదేముంది సార్, ఎవురితో కొట్టించినారు? వీడితోనా?"

"అన్నా, ఏసు మీద ఒట్టు..." దావీదు గోడ వదిలి ముందుకొచ్చాడు.

"నోర్ముయ్. నా కాడ సాక్షి ఉంది. మనిషి సాక్షి గాదు, అబద్ధం చెప్పేదానికి." అతనికి అప్పుడే తట్టింది. "నడిమి స్తంభానికి మొదట పెట్టిన కెమెరా చీమలు పట్టి మాడిపోయింది గదా, డ్రోను తిరిగిన వారంలోనే. దాన్లో మెమరీ కార్డు నేనే తీసినా. ఇంట్లో కాఫీ సీసాలో ఉంది. కొత్త కెమెరాకు కొత్త కార్డు ఏసినా గాని పాతది పారేయలా. డ్రోను రాకముందు నాలుగు రోజుల్లో ఆ స్తంభాల కాడికి ఎవుడొచ్చినా దాన్లో పడుంటాడు."

రావు మొహం వైపు చూశాడు. అందులో భయం కనపడుతుందనుకున్నాడు. రావు వాచీ చూసుకుని, "తీసకరా పో. నేను ఉంటా," అన్నాడు.

బండి మీద ఇంటికి పోయి, సీసాలోని మేకులూ నట్లూ మంచం మీద కుమ్మరించి, గోరంత కార్డు ఏరుకుని వచ్చాడు. వస్తుంటే గోవిందమ్మ కూడా బండెక్కి కూర్చుంది. మెట్ల మీద పింఛను కోసం వచ్చినవాళ్లు సంగతి విని లోపలికి తోసుకొచ్చారు.

సీతారత్నం కార్డును లాప్‌టాప్‌లో పెట్టింది. వీడియోలు వరసగా వచ్చాయి. మేక ఒకటి స్తంభానికి వీపు రుద్దుకుంది. సాలెదారం ఊగింది. గాలికి గడ్డి వంగింది. ఎవరో గొర్రెలు తోలుకుపోయారు. నడిమి స్తంభం మీది కెమెరా వాలులో పైనున్న స్తంభం వైపు చూస్తూ ఉంటుంది గనుక ఆ పై స్తంభం మొదలు స్పష్టంగా ఉంది.

"అదో!" అన్నాడు మాలకొండయ్య.

తల మీద తుండుగుడ్డ చుట్టుకున్న మనిషి ఒకడు, వీపు ఇటు పెట్టి పోతున్నాడు. చేతిలో బకెట్టు. పై స్తంభం కాడ గొంతుక్కూర్చుని, పాత కుంచె ముంచి, మొదలు చుట్టూ తీరుబడిగా గుండ్రంగా తిప్పాడు. తెల్లటి సున్నం మూరెడు వెడల్పున పడింది.

"వీడే! నా భూమి మింగినోడు వీడే! ఆపు తల్లీ, ఆడ ఆపు. మొహం ఇటు తిప్పమను."

"ఇది వీడియో బాబాయ్. తిప్పమంటే తిప్పడు," అంది సీతారత్నం. వెనకాల ఎవరో నవ్వారు.

"ఏం ధైర్యం చూడు. వాడి అబ్బ సొమ్మయినట్టు ఎట్ల పూస్తన్నాడో!"

గోవిందమ్మ లాప్‌టాప్ కాడికి వంగింది. తర్వాత మెల్లగా భర్త మోచేయి పట్టుకుంది.

"ఊరుకో," అంది.

"ఎందుకు ఊరుకోవాల?"

"ఊరుకోమంటన్నా గదా. ఆ తుండుగుడ్డ నేను ఉతికేది."

బకెట్టు మనిషి లేచి ఇటు తిరిగాడు. మొహం ఎండకు నల్లగా, ఏమీ కనపడకుండా ఉంది. నడుచుకుంటూ దగ్గరకు వచ్చి కెమెరా కిందికి మాయమయ్యాడు. కాసేపు ఏమీ లేదు, గడ్డి మాత్రమే. ఆ తర్వాత తెర అంతా అదిరింది. నిచ్చెన ఆనించినట్టుంది. ఒక చెయ్యి వచ్చింది, పంచె ముక్క అద్దాన్ని కప్పేసింది, తెల్లగా అయింది, మళ్లీ తెరుచుకుంది. తెర నిండా మాలకొండయ్య మొహం.

గదిలో ఎవరూ నవ్వలేదు.

తెరలోని మాలకొండయ్య చెవి దగ్గర ఫోను పెట్టుకున్నాడు. పెదాలు కదిలాయి. ఆ పాత కెమెరాకు మైకు లేదు. అయినా ఏమంటున్నాడో గదిలో అందరికీ తెలిసింది. ఆ చుట్టుపక్కల ఆ మాట తెలియనివాళ్లు లేరు.

సున్నం. చీమలకు మందు కలిపిన సున్నం. పెట్టెల్లోకి చీమలెక్కుతున్నాయని ప్రతి స్తంభం మొదట్లో కొట్టాడు. ఇక్కడే కాదు, వెలిగండ్లలో కూడా కొట్టాడు. అది పని సున్నం. దండోరా వేసింది హద్దు సున్నం గురించి. ఆ రెండూ ఒకటే సున్నమని అతనికి ఏ రోజూ తట్టలేదు. కొట్టినా చీమలు ఆగలేదు, నాలుగు రోజులకే కెమెరా మాడింది. ఈలోపల డ్రోను పైన తిరిగిపోయింది.

"నీ చేత్తో నువ్వే గీసిచ్చినావు గదయ్యా," అన్నాడు రావు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే జాలిపడ్డట్టు అన్నాడు. "ఊరంతా నన్ను దొంగను చేస్తివి."

మాలకొండయ్య తెర వైపు చూపించాడు. "ఆ ఫోను మీకే సార్. సున్నం కొట్టి, మీకే చేసినా. మీరు చూసి చెప్పినారు. ఆ పొద్దు మీకు కనపడింది గదా సున్నం?"

"రోజూ ఇట్లాంటివి వంద చూస్తా. నీ మొహం చూస్తానా, నీ వెనకాల ఉండే సున్నం చూస్తానా?"

"కొట్టమనింది మీరే గదా?"

అడిగాడే గాని, రావు కొట్టమన్నాడో, చీమలకు సున్నం కొడతానని తనే అన్నాడో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. రావు కూడా గుర్తు తెచ్చుకుంటున్నట్టు కాసేపు పైకప్పు వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

"తల్లీ, పాత రాళ్లు ఉన్నాయి. కంప కొట్టినా. వచ్చి చూడు," అన్నాడు మాలకొండయ్య.

"అప్పీలు గడువు దాటిపోయింది బాబాయ్. ఇప్పుడు మార్చాలంటే పక్క రైతు ఒప్పుకుని సంతకం పెట్టాల. లేకుంటే కోర్టు." ఆ పిల్ల రావు వైపు చూసింది.

"చూద్దాం," అన్నాడు రావు, లేస్తూ. "మా వాళ్లతో ఒక మాట అనుకోవాల గదా. చూద్దాం."

*

శనివారం పొద్దున రావు ఫోను చేశాడు. "మాలకొండయ్యా, నడిమి కెమెరాలో ఏందో దారం మాదిరి ఊగతాంది. ఒకసారి చూడు."

ఆయన గొంతులో ఏమీ లేదు. ఎప్పటి గొంతే. మాలకొండయ్య "సరే సార్" అన్నాడు, ఎప్పటి మాదిరే. ఫోను పెట్టేశాక, ఎందుకు సరే అన్నానా అని చాలాసేపు ఆలోచించాడు. అప్పటికే నిచ్చెన భుజాన ఉంది.

స్తంభాల వరస వెంట కంచె రాళ్లు దించి ఉన్నాయి. దావీదు ఒక రాయి మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. మాలకొండయ్యను చూసి బీడీ ఆర్పి లేచాడు.

"నేను నిజమే చెప్పినా అన్నా. సార్‌వి అని," అన్నాడు.

"నిజమేలే," అన్నాడు మాలకొండయ్య. "అందరూ నిజమే చెప్పినారు."

నిచ్చెనెక్కాడు. ఒక్క రాత్రికే కట్టిన గూడు, మధ్యలో పసుపు పచ్చటి సాలెపురుగు. కుంచెతో దులిపాడు. అద్దం మీద నోటితో ఆవిరి పట్టించి పంచె ముక్కతో గుండ్రంగా తుడిచాడు. అద్దంలో తన మొహం చిన్నగా, వంకరగా కనపడింది. ఫోను చేశాడు.

"సార్, కనపడ్తన్నానా?"

"కనపడ్తన్నావు."

"ఆ పొద్దు గూడా ఇంత బాగా కనపడినానా సార్?"

ఫోను చెవి దగ్గర నుంచి తీసి చూశాడు. ఆగిపోలేదు. టవరు గీతలు నిండుగా ఉన్నాయి.

"కెమెరా కొంచెం ఎడమకు తిప్పు," అన్నాడు రావు. "గట్టు మొత్తం పడాల."

"ఏ గట్టు సార్?"

"ఇప్పుడుండే గట్టు."

మాలకొండయ్య మర వదులు చేసి, కెమెరాను ఎడమకు తిప్పాడు. వేళ్లకు అలవాటైన పని, తిప్పమనగానే తిప్పాయి.

"ఇంకొంచెం. ఆఁ, చాలు. ఎవురది? గడ్డి కోసే ఆడమనిషి?"

మాలకొండయ్య తల తిప్పి చూశాడు. టేకు నీడలో గోవిందమ్మ వంగి ఉంది. కొడవలి గడ్డి మొదళ్ల వెంట సరసరా నడుస్తోంది. పక్కన మోపు సగం అయింది.

"మా ఇంటామె సార్."

"ఓ, గోవిందమ్మా?" రావు గొంతు మెత్తబడింది. "సరేలే. కోసింది కోసుకోనీ. కంచె వేసినాక మాత్రం దావీదుకు ఒక మాట చెప్పి రమ్మను."

మర బిగించి కిందికి దిగాడు. గోవిందమ్మ నడుము నిటారు చేసి, కొంగుతో మెడ తుడుచుకుంటూ అడిగింది.

"ఏమన్నాడు?"

"బాగా కనపడ్తన్నావంట," అన్నాడు మాలకొండయ్య.

ఆమె నిలబడిన చోటు, ఆ గడ్డి, పుట్ట పెరిగిన రాయి, అటు కొస నుంచి ఇటు కొస దాకా ఇరవై ఏడు సెంట్లు.